తలుపు మీది నల్లచార

గద్వాల గల్లీలో బైకు టైరు, పెబ్బేరు సంత దారిలో ట్రాక్టర్ టైరు, జాతీయ రహదారి మీద లారీ టైరు ముక్క. కారు రంగుకు రబ్బరు అంటుకునే దారులు మన దగ్గర చాలానే ఉన్నాయి. ఆ మరకను తీసే పద్ధతి, రాకుండా చూసుకునే పద్ధతి తెలిస్తే పెయింటింగ్ షాపు దాకా వెళ్లే పని చాలావరకు తప్పుతుంది.

హైదరాబాద్ నుంచి కర్నూలు వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద కొత్తకోట దాటిన తర్వాత రోడ్డు అంచును గమనిస్తూ వెళ్లండి. ఎండలు ముదిరిన రోజుల్లో టైరు పట్టీలు కనిపిస్తూనే ఉంటాయి. కొన్ని జానెడు ముక్కలు, కొన్ని బారెడు పొడవున్న పట్టాలు. చిరిగిన అంచుల్లోంచి ఇనుప తీగలు పొడుచుకొచ్చి ఉంటాయి. పెబ్బేరు, బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన, ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తా, పుల్లూరు టోల్‌గేటు. ఈ వరుసలో ఎక్కడైనా సరే, రాత్రిపూట లారీ వెనకాల వెళ్తున్న డ్రైవరుకు అలాంటి పట్టీ చివరి క్షణంలోనే కనపడుతుంది. తప్పుకుందామంటే పక్క లైను ఖాళీగా ఉండదు. చక్రం కింద పడిన పట్టీ ఎగిరి బంపరును, డోరు కింది అంచును కొడుతుంది. చిన్న చప్పుడు, అంతే. పొద్దున ఇంటి ముందు చూసుకుంటే తెల్ల రంగు మీద మూరెడు నల్లచార.

చాలామంది మొదట చేసే పని ఒకటే. చేత్తో రుద్దుతారు. పోదు. డాష్‌బోర్డు తుడిచే గుడ్డో, సీటు కింద కుక్కిన పాత బనీనో తీసి పొడిగానే రుద్దుతారు. కొంచెం పలచబడినట్టు కనిపిస్తుంది. అందుకని ఇంకా గట్టిగా రుద్దుతారు. చివరికి నలుపు పోయినా పోకపోయినా, దాని చుట్టూ ఎండలో మెరిసే సన్నటి గుండ్రటి గీతలు మిగులుతాయి. ఆ గీతలు వేసింది టైరు కాదు, మన గుడ్డకు పట్టిన దుమ్ము.

రబ్బరు మరక కారుకు చేసే నష్టం చాలా తక్కువ. అది రంగు పైన కూర్చున్న మురికి మాత్రమే. దాన్ని వెంటనే వదిలించుకోవాలన్న తొందర చేసే నష్టమే ఎక్కువ. ఈ పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రాంతపు జిల్లాల్లో కారు కొనడం చిన్న విషయం కాదు. పాలమూరు నుంచి వలస వెళ్లిన కుటుంబాల్లో పెద్దవాళ్లు మట్టి పనులు చేస్తే, పిల్లలు డ్రైవింగ్ నేర్చుకుని హైదరాబాద్‌లో స్టీరింగ్ పట్టుకున్నారు. అప్పు చేసి సెకండ్ హ్యాండ్ బండి కొని కిరాయికి తిప్పేవాళ్లకు ఆ బండే పొలం, ఆ బండే పాడి. దాని మీద పడిన నల్లచారను చూసి కంగారు పడటం సహజమే. అందుకే ఈ చిన్న విషయాన్ని తీరికగా చెప్పుకోవడం అవసరమని నాకు అనిపిస్తుంది.

నలుపు ఎక్కడి నుంచి వచ్చింది?

రబ్బరు చెట్టు పాలు గడ్డకడితే వచ్చే ముద్ద లేత పసుపు రంగులో ఉంటుంది. చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికన్ 1839లో ఆ ముద్దకు గంధకం కలిపి వేడి చేస్తే, ఎండకు జిగురుగా మారని, చలికి పగలని రబ్బరు వస్తుందని కనిపెట్టాడు. ఆ తర్వాత కూడా చాలాకాలం టైర్లు పాలిపోయిన రంగులోనే ఉండేవి. టైర్లు పేర్చినట్టుండే మిషెలిన్ కంపెనీ బొమ్మ మనిషి 1898లో పుట్టాడు. అతను ఇప్పటికీ తెల్లగా ఉండడానికి కారణం ఆనాటి టైర్ల రంగే. 20వ శతాబ్దం మొదట్లో కార్బన్ బ్లాక్ అనే అతి మెత్తటి మసిని రబ్బరులో కలపడం మొదలైంది. దాంతో టైరు అరుగుదల బాగా తగ్గింది, ఎండను ఓర్చుకునే శక్తి పెరిగింది. ఇప్పుడు కారు టైరు బరువులో దాదాపు ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఈ మసే. సదాశివపేటలోని ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినా, తిరుపతి జిల్లా చినపాండూరులోని అపోలో ఫ్యాక్టరీ నుంచి వచ్చినా టైరుకు నలుపునిచ్చేది అదే.

మసితోపాటు టైరులో నూనెలు, మైనం, గాలిలోని ఓజోన్ వల్ల రబ్బరు పగలకుండా కాపాడే రసాయనాలు ఉంటాయి. ఈ రసాయనాల సంగతి మళ్లీ వస్తుంది.

టైరు రంగు మీద ఒరుసుకున్నప్పుడు రాపిడికి వేడి పుడుతుంది. రబ్బరు పైపొర మెత్తబడి, చిరిగి, జిగటగా అంటుకుంటుంది. మన ఎండాకాలంలో రేకూ, రబ్బరూ రెండూ ముందే కాలి ఉంటాయి కాబట్టి ఇంకా బాగా అంటుకుంటుంది. రబ్బరుకు నీళ్లు పట్టవు కాబట్టి ఎన్ని బకెట్లు పోసినా మరక కదలదు. చేతులకు రాసుకునే శానిటైజర్‌లోని ఆల్కహాల్ కూడా దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. కిరోసిన్, టర్పెంటైన్ లాంటి ద్రవాలు మాత్రం రబ్బరులోకి ఇంకుతాయి. నానేసిన శనగల్లా అది ఉబ్బుతుంది. ఉబ్బిన రబ్బరు పట్టు వదులుతుంది. బలం పెట్టి రుద్దకుండా మరక తీయడంలో ఉన్న కిటుకంతా ఈ నానడంలోనే ఉంది.

వెంట్రుక కన్నా పలచటి పొర

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు రేకు మీద రంగంతా కలిపినా సుమారు 100 నుంచి 130 మైక్రాన్ల మందమే ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంత తక్కువ మందంలోనే తుప్పును ఆపే పొర, దాని మీద ప్రైమర్, ఆపైన మనకు కనిపించే రంగు, అన్నిటికన్నా పైన మెరుపునిచ్చే పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. ఈ క్లియర్ కోట్ మందం 40 నుంచి 50 మైక్రాన్లు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కింది రంగును వెలిసిపోయేలా చేయకుండా కాపాడేది ఈ పొరే. రబ్బరు మరకను రుద్దిన ప్రతిసారీ మనం అరగదీసేది దీన్నే. కొన్ని తక్కువ ధర బళ్లకు, ముఖ్యంగా మామూలు తెల్ల రంగు బళ్లకు, విడిగా క్లియర్ కోట్ ఉండదు. అలాంటి బండిని పాలిష్ పెట్టి రుద్దితే గుడ్డకు తెలుపు అంటుతుంది. పోతున్నది మురికి కాదు, రంగే అని అప్పుడు గుర్తుపట్టాలి.

ఇక మన నేల సంగతి. వనపర్తి, నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల ఎర్రచెలకలు గ్రానైటు రాయి తరాల తరబడి చివికి ఏర్పడిన నేలలు. వాటిలో పలుగురాయి రేణువులు దండిగా ఉంటాయి. పలుగు గాజును గీయగలదు. క్లియర్ కోట్ గాజు కన్నా ఎంతో మెత్తన. కారు ఒక పూట బయట నిలబడితే చాలు, ఆ ఎర్రదుమ్ము పొరలా పడుతుంది. దాని మీద పొడి గుడ్డ వేసి రుద్దడమంటే పలుగుపొడితో రుద్దడమే. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న నడిగడ్డలో, గద్వాల, అయిజ, అలంపూర్ వైపు, నల్లరేగడి ఎక్కువ. అది మెత్తటి బంకమట్టి. గీతలు పెట్టడంలో ఎర్రదుమ్మంత చెడ్డది కాదు గానీ, వానాకాలంలో టైరుకు పట్టి రబ్బరు మరకతో కలిసి ఎండితే గట్టిగా కరుచుకుంటుంది. దాన్ని గోటితో గీకకుండా ముందు నీళ్లతో నానబెట్టాలి.

చారను చూసి చదవాలి

మరక తీయబోయే ముందు అదెలా పడిందో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే. అనుభవమున్న టింకరింగ్ మేస్త్రీలు చారను చూడగానే చెప్పేస్తారు. మనకూ అది కష్టమైన విద్యేమీ కాదు.

మోకాలి ఎత్తున సన్నగా, కొంచెం వంపు తిరిగి ఉంటే అది బైకు ముందు టైరు. గద్వాల కోట చుట్టుపక్కల ఇరుకు వీధుల్లో, మార్కెట్ రోజున, ఆగి ఉన్న కారుకు ఆనించి బైకు స్టాండు వేసి వెళ్లినవాళ్ల గుర్తు ఇది. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర కూడా దీనికి అవకాశముంది. అమ్రాబాద్ పులుల అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలను వదలరు. రద్దీ రోజుల్లో గేటు తీయకముందు బళ్లు ఒకదానికొకటి ఆనుకున్నట్టు నిలబడతాయి. బైకు చార దాదాపు ఎప్పుడూ రబ్బరే, లోపల గాయం ఉండదు.

డోరు మధ్యలో, అద్దం కింద, బెత్తెడు వెడల్పున పొట్టి పొట్టి చారలు ఒకదాని వెంట ఒకటి విల్లులా వంగి ఉంటే అది ట్రాక్టర్ వెనక చక్రం. పత్తి, పల్లీ బస్తాల లోడుతో మార్కెట్ యార్డుకు వెళ్లే ట్రాక్టర్లకు వెనక టైర్లు బయటకు ఉబ్బి ఉంటాయి. ఇరుకు సందులో కారు పక్క నుంచి వెళ్లేటప్పుడు ఇంజను దాటిపోతుంది, టైరు తగులుతుంది. ఆ టైరు గట్ల మధ్య పొలం మట్టి ఇరుక్కుని ఉంటుంది. కాబట్టి ట్రాక్టర్ చార కింద నిజమైన గీత ఉండే అవకాశం ఎక్కువ. ఎర్రచెలక నుంచి వచ్చిన ట్రాక్టరైతే మరీను.

బంపరు మీదా, డోరు అడుగు అంచు మీదా కొరడాతో కొట్టినట్టు ఏటవాలుగా పడింది లారీ టైరు ముక్క. ఇందులో ఇనుప తీగలుంటాయని మరిచిపోవద్దు. నలుపు కింద తీగ కోసిన గాటు ఉండవచ్చు.

వెనక డోరు కింద, డిక్కీ అంచు మీద మసక మరకలుంటే అవి పంచర్ షాపులోవో, మనం స్వయంగా స్టెప్నీ మార్చుకున్నప్పుడు పడినవో. విప్పిన చక్రాన్ని కారుకే ఆనించి నిలబెట్టడం మనందరికీ అలవాటు. చక్రం వెనక డోరు అడుగున వరుసగా సన్నటి నల్ల చుక్కలుంటే అది టైరు రాసుకున్న మరక కానే కాదు. వాటర్ సర్వీసింగ్ చివర్లో టైర్లు మెరవడానికి కొట్టిన పాలిష్ ఆరకముందే బండి కదిలితే చక్రం తిరిగే జోరుకు అది చింది పడుతుంది.

ఏ చారైనా సరే, ముందు కడిగి, తర్వాత గోటిని దానికి అడ్డంగా మెల్లగా జరపండి. గోరు ఎక్కడా తట్టుకోకుండా జారితే పైన రబ్బరు మాత్రమే ఉంది. గోరు తట్టుకుంటే కింద గాటు ఉంది. గాటు ఉన్నచోట ఎంత తుడిచినా గాటు పోదు. రబ్బరు వరకే తీసి, గాటు సంగతి విడిగా చూడాలి.

తీసే పద్ధతి

పొద్దున్నే చేయండి, లేదా చెట్టు నీడన బండి చల్లబడ్డాక చేయండి. కాలుతున్న రేకు మీద ఏ మందు పెట్టినా క్షణంలో ఆరిపోతుంది, రబ్బరు నానదు, పైగా కరిగిన నలుపు చుట్టూ పులుముకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పది గంటలు దాటితే ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

ముందు ఆ డోరునంతా నీళ్లు ధారగా పోసి, దుమ్ము పోయాక కారు షాంపూతో మెత్తటి గుడ్డ పెట్టి కడగాలి. గిన్నెలు తోమే సబ్బు, బట్టల సర్ఫు వద్దు. వాటిలోని ఘాటు మైనం పూతను తీసేస్తుంది. మా దగ్గర బోరు నీళ్లలో సున్నం, ఉప్పు ఎక్కువ. కడిగిన వెంటనే తుడవకపోతే తెల్లటి చుక్కలు మిగిలి, రబ్బరు మరక పోయాక ఇవి పట్టుకుంటాయి. కాబట్టి ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తడి తీయాలి.

ఇప్పుడు మందు. బిటుమెన్, పురుగుల మరకలు తీసేందుకు కారు డెకార్ షాపుల్లో అమ్మే టార్ రిమూవర్ ఉంటే అన్నిటికన్నా మంచిది. అది దొరక్కపోతే హైదరాబాద్ దాకా పోనక్కరలేదు. వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా పెయింట్ దుకాణంలో ఎనామెల్ రంగులో కలిపే టర్పెంటైన్ దొరుకుతుంది. పనిచేసే గుణం దాదాపు అదే. గ్యాసునూనె (కిరోసిన్) కూడా పనిచేస్తుంది గానీ జిడ్డు ఎక్కువ మిగుల్చుతుంది. తుప్పు వదిలించడానికి మెకానిక్‌లు వాడే డబ్ల్యూడీ-40 స్ప్రే కూడా చిన్న మరకలకు చాలు. ఏది వాడినా డోరు తెరిచి, లోపలి అంచు మీద కనపడని చోట ముందు ఒక్కసారి అద్ది చూడండి. గుడ్డకు కారు రంగు అంటితే ఆపేయండి.

అంటకపోతే, మెత్తటి గుడ్డను మందుతో తడిపి మరక మీద ఆనించి అర నిమిషం నుంచి నిమిషం దాకా అలాగే ఉంచండి. రుద్దొద్దు. తర్వాత ఒకే దిక్కున మెల్లగా లాగి తుడవండి. గుడ్డ మీదకు నలుపు వస్తుంది. గుడ్డను మడత మార్చి శుభ్రమైన వైపుతో మళ్లీ అద్దండి. మడత మార్చకుండా తుడిస్తే తీసిన నలుపునే తిరిగి పూస్తున్నట్టు. సాధారణంగా బైకు చార ఇలా రెండు మూడు సార్లకే పోతుంది. ట్రాక్టర్ చార ఇంకాస్త ఓపిక అడుగుతుంది. అయిపోయాక ఆ భాగాన్ని షాంపూతో మళ్లీ కడిగి జిడ్డంతా పోగొట్టాలి. ఈ చివరి కడుగు చాలామంది వదిలేస్తారు. నూనె జిడ్డు మీద దుమ్ము వాలి నాలుగు రోజుల్లో మళ్లీ మరకలా కనిపిస్తుంది. మరక తిరిగొచ్చిందనుకుని మళ్లీ రుద్దుతారు.

చేత్తో తడిమితే ఇంకా గరుగ్గా తగిలితే క్లే బార్ వాడొచ్చు. ఇది పిండిముద్దలా ఉండే మెత్తటి బంక. షాంపూ నీళ్లు పుష్కలంగా చల్లి, రేకు మీద బరువు పెట్టకుండా జరిపితే అంటుకున్న రేణువులను ఎత్తుకుంటుంది. ఆ ముద్ద ఒక్కసారి నేల మీద పడిందంటే పారేయాల్సిందే, మట్టి పట్టిన ముద్ద గీతలు పెడుతుంది. ఆ తర్వాత కూడా నీడలాంటి ఛాయ మిగిలితేనే పాలిష్ దాకా వెళ్లాలి. అదీ సన్నరకం పాలిష్, చేత్తో, కొద్దిసేపే. రబ్బింగ్ కాంపౌండ్ అనేది క్లియర్ కోట్‌ను కొంత కోసి మెరుపు తెప్పించే పదార్థం. అది మరక తీసే మందు కాదు. మొదటి అస్త్రంగా దాన్ని తీయడం ఏ షాపులో చూసినా నాకు బాధే. పళ్ల పేస్టు, గిన్నెల పీచు, మ్యాజిక్ స్పాంజి పేరుతో వచ్చే తెల్లటి స్పాంజి కూడా అరగదీసే జాతివే. మరక పోతుంది, ఆ చోట మెరుపూ పోతుంది.

థిన్నర్ దగ్గర ఆగాలి

"అన్నా, థిన్నర్ కొడితే ఒక్క నిమిషంల పోతది" అని సర్వీసింగ్ సెంటర్ కుర్రాడు అంటాడు. "కొట్టు తమ్మీ" అని యజమాని అంటాడు. అతను చెప్పింది నిజమే, మరక నిమిషంలో పోతుంది. థిన్నర్‌లో టోలీన్ లాంటివి, ఎస్టర్లు, కీటోన్లు ఉంటాయి. అవి రబ్బరుతో ఆగవు. ఫ్యాక్టరీలో సుమారు 140 డిగ్రీల వేడిలో కాల్చి గట్టిపరిచిన క్లియర్ కోట్ వాటిని కొన్ని క్షణాలు తట్టుకోవచ్చు. ఊళ్లో ఆరుబయట రంగు వేయించిన డోరు తట్టుకోలేదు. సెకండ్ హ్యాండ్ బళ్లలో ఏదో ఒక డోరుకో, బంపరుకో తిరిగి రంగు వేసి ఉండటం మామూలే. కొన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. అలాంటి డోరు మీద థిన్నర్ పడితే రంగు ముడతలు పడుతుంది, లేదా మసకబారి అరచేయంత మచ్చ తేలుతుంది. రబ్బరు మరకకు అయ్యే ఖర్చు ఒక గుడ్డ ముక్క. ఈ మచ్చకు అయ్యే ఖర్చు డోరంతటికీ రంగు.

హెడ్‌లైటు మీద పడిన రబ్బరుకు థిన్నర్ అసలే పనికిరాదు. పైకి గాజులా కనిపించినా అది పాలికార్బొనేట్ ప్లాస్టిక్. థిన్నర్ తగిలితే లోపల సన్నటి పగుళ్లు పుట్టి వెలుతురు మసకబారుతుంది. అక్కడ షాంపూ, ఓపిక, తప్పనిసరైతే ప్లాస్టిక్‌కు చేసిన పాలిష్ చాలు. రంగు వేయని నల్ల ప్లాస్టిక్ అంచుల మీద గ్యాసునూనె కూడా మచ్చలు పెడుతుంది, మైనం పాలిష్ తెల్లటి గుర్తులు మిగుల్చుతుంది.

ఇంకొక మాట ఆ కుర్రాడి గురించి. చేతికి తొడుగు లేకుండా, మూసిన షెడ్డులో, రోజంతా థిన్నర్‌లో, పెట్రోలులో ముంచిన గుడ్డ పట్టుకుని పనిచేసేవాళ్లను ప్రతి చౌరస్తాలో చూస్తాం. ఆ ఆవిరి తలనొప్పి తెస్తుంది, చర్మాన్ని ఎండగట్టి పగిలేలా చేస్తుంది, పక్కన బీడీ వెలిగిస్తే అంటుకుంటుంది. నైట్రైల్ తొడుగుల జత పెద్ద ఖర్చేమీ కాదు. మన బండి మరక తుడిచే చేతులకు అవి ఉన్నాయా అని అడగడం మన బాధ్యతే అనుకుంటాను.

గోడకు కొట్టిన టైరు

ఇప్పటిదాకా చెప్పింది రంగు పైన కూర్చున్న రబ్బరు గురించి. రంగు లోపలికి దిగే మరక వేరే ఉంది, దాని గురించి ఎవరూ హెచ్చరించరు.

కొత్త ఇళ్లలో పార్కింగు స్తంభానికి, ప్రహరీ గోడకు, రివర్సు చేసేటప్పుడు బంపరు తగలకుండా పాత టైరు ముక్క కొడుతున్నారు. మంచి ఉద్దేశమే. కానీ బంపరు ఆ టైరుకు ఆనుకుని రోజుల తరబడి నిలబడితే టైరులోని రసాయనాలు మెల్లగా రంగులోకి వలస పోతాయి. పైన చెప్పిన, ఓజోన్ నుంచి కాపాడే రసాయనాలు ఇవే. అవి రబ్బరు లోపలి నుంచి పైకి వస్తూ ఉండటమే వాటి పని. పాత టైర్ల పక్కల గోధుమ రంగు తిరగడానికి కారణం కూడా అవే. వీటిలో ముఖ్యమైన 6పీపీడీ గాలిలోని ఓజోన్‌తో కలిస్తే పుట్టే పదార్థం, అమెరికా పశ్చిమ తీరపు వాగుల్లో కోహో సాల్మన్ చేపలు వాన పడినప్పుడల్లా చనిపోవడానికి కారణమని శాస్త్రవేత్తలు 2020 చివర్లో బయటపెట్టారు. టైరు నుంచి బయటకు రావడం, తగిలినదానిలోకి చేరడం దాని స్వభావం.

ఇలా చేరినప్పుడు తెల్ల బంపరు మీద పసుపు, గోధుమ మధ్య రంగులో మచ్చ వస్తుంది. అది నల్లగా ఉండదు, చేతికి తగలదు, టర్పెంటైన్‌కు కదలదు. కదలకపోవడం చూసి జనం రబ్బింగ్ కాంపౌండ్‌తో అరగదీస్తారు. మచ్చ లోతుగా దిగి ఉంటే రంగు అరుగుతుంది గానీ మచ్చ అలాగే ఉంటుంది. బండి కొన్నాళ్లు కదలకుండా ఉండి, దాని మీద రబ్బరు మ్యాటు, ట్యూబు, రబ్బరు తాడు కట్టి ఉన్నా ఇదే జరుగుతుంది. కాబట్టి స్తంభానికి టైరు కొట్టినవాళ్లు దాని మీద మందపాటి గోనెపట్టా, పాత కార్పెట్ ముక్క చుట్టండి. లేదా బంపరుకూ దానికీ మధ్య బెత్తెడు ఖాళీ ఉండేలా చక్రాల కింద అడ్డుకట్టె పెట్టుకోండి. స్టెప్నీని ఎక్కడా రంగుకు ఆనించి నిల్వ ఉంచకండి.

రాకుండా చూసుకోవడం

రహదారి మీద ముందు లారీకి దూరం పాటించడమే పెద్ద రక్ష. టైరు ముక్కలన్నీ రీట్రెడింగ్ చేసిన, అంటే అరిగాక పైన కొత్త రబ్బరు పట్టీ వేసిన టైర్లవే అని మనలో గట్టి నమ్మకం. అమెరికా రహదారి భద్రతా సంస్థ చేయించిన అధ్యయనం 2008లో తేల్చింది వేరు. రోడ్డు మీద గుచ్చుకునే వస్తువులు, గాలి తక్కువగా ఉండి టైరు వేడెక్కడం లాంటి కారణాలతో కొత్త టైర్లు కూడా అలాగే చిరుగుతున్నాయి. ఎంఆర్ఎఫ్ కంపెనీ కూడా మొదట్లో మద్రాసులో బొమ్మ బెలూన్లు చేసి, 1952లో రీట్రెడింగ్ రబ్బరుతోనే ఈ వ్యాపారంలోకి వచ్చింది. సరిగ్గా చేసిన రీట్రెడింగ్ లారీ యజమానికి ఆదా. తక్కువ గాలితో, ఎక్కువ లోడుతో మే నెల ఎండలో తిరిగితే ఏ టైరూ నిలవదు. పట్టీ కనిపించినప్పుడు పక్క లైనులోకి ఒక్కసారిగా తిప్పడం మాత్రం చేయొద్దు. బంపరు మీద నల్లచార పడినా పరవాలేదు. బ్రేకు మీద కాలు పెట్టి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని దాటిపోండి.

మూడు నాలుగు నెలలకొకసారి మైనం పాలిష్ పట్టిస్తే రబ్బరు రంగుకు కాక ఆ మైనానికి అంటుకుంటుంది, తేలిగ్గా వస్తుంది. రెసిన్ సీలెంట్, సిరామిక్ కోటింగ్ ఇంకా ఎక్కువకాలం నిలుస్తాయి. పెట్టుబడి పెట్టగలిగితే డోరు కింది భాగానికీ, వెనక చక్రం ముందున్న అంచుకూ పారదర్శక ఫిల్మ్ వేయించుకోవచ్చు. కొత్తగా రంగు వేయించిన డోరుకు మాత్రం నెల, రెండు నెలల దాకా మైనం పూయకండి. లోపలి ద్రావకాలు ఆరాలి.

మడ్‌ఫ్లాప్‌లు లేని బళ్లకు బిగించండి. కంపెనీ కొలత దాటిన పెద్ద టైర్లు, అలాయ్ చక్రాలు వేస్తే చక్రం తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డు లోపల ఒరుసుకుంటుంది. అక్కడి రంగు పోతే తుప్పు మొదలయ్యాకే కనిపిస్తుంది. టైరు పాలిష్ వేయించుకుంటే కనీసం పావుగంట ఆగి, మిగిలినదాన్ని పొడి గుడ్డతో తుడిపించాకే బండి తీయండి. చాలా టైరు పాలిష్‌లలో సిలికోన్ ఉంటుంది. అది రంగు మీద మిగిలి, ఎప్పుడైనా ఆ డోరుకు పెయింట్ వేయాల్సి వస్తే కొత్త రంగు గుండ్రటి గుంటలుగా విడిపోతుంది. పెయింటర్లు దాన్ని ఫిష్ ఐ అంటారు, దాని పేరు చెబితేనే విసుక్కుంటారు.

మరక పడిన వెంటనే ఇన్సూరెన్స్ క్లెయిముకు వెళ్లేవాళ్లూ ఉన్నారు. క్లెయిము చేయని ఏడాదికి సొంత నష్టం ప్రీమియంలో 20 శాతం, వరుసగా ఐదేళ్లయితే 50 శాతం తగ్గింపు వస్తుంది. ఒక్క చిన్న క్లెయిముతో ఆ తగ్గింపు పోతుంది. టర్పెంటైన్‌తో పోయే చారకు దాన్ని వదులుకోవద్దు.

బండిని తిరిగి అమ్మే రోజున కొనేవాళ్లు ఈమధ్య రంగు మందం కొలిచే చిన్న మీటరు తెస్తున్నారు. ఒక్కో డోరు మీద పెట్టి మైక్రాన్లు చూస్తారు. మిగతా డోర్లన్నీ 110 చూపించి ఒకటి మాత్రం 250 చూపిస్తే తిరిగి రంగు వేశారని తెలిసిపోతుంది, అప్పుడు గుద్దిన బండేమోనని బేరం దిగుతుంది. ఒకటి 70 చూపిస్తే అరగదీశారని తెలుస్తుంది. అందుకే టర్పెంటైన్, క్లే బార్ అయ్యాక కూడా పక్కకు వంగి వెతికితే తప్ప కనపడని ఛాయ మిగిలితే, దాన్ని అక్కడే వదిలేయమని చెబుతాను. కడిగిన ప్రతిసారీ అది మరికొంత పలచబడుతుంది.